వేరు చూడకుండా పేరు చెప్పిన రోజు

పుట్టగొడుగులు చూడమని నన్నెవరూ ఉద్యోగంలోకి తీసుకోలేదు. మిరపకాయ కుళ్ళు, పత్తి ఎండు తెగులు, నారుమడిలో మొక్కలు వాలిపోవడం, ఇవీ నా పని. తొంభైల చివర్లో గుంటూరు జిల్లాలోని ఒక వ్యవసాయ పరిశోధన కేంద్రంలో తెగుళ్ల విభాగంలో చేరాను. చేరిన ఏడాది, నాలుగు వానలు పడగానే మా వరండాలో టిఫిన్ డబ్బాలు, క్యారియర్లు, పాత చీర ముక్కల్లో కట్టిన మూటలు బారులు తీరాయి. విప్పితే అన్నిట్లోనూ పుట్టగొడుగులే. "ఇవి తినొచ్చాండీ?" అన్నదొకటే ప్రశ్న.

పుట్టగొడుగు కూడా బూజు జాతిదే. విభాగంలో నాకంటే జూనియర్లు లేరు. కాబట్టి ఆ డబ్బాలన్నీ నా బల్ల మీదికే వచ్చేవి. ఆరు నెలలు తిరిగేసరికి నా అసలు పేరు ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. "బూజు మేడమ్ గారు ఉన్నారా?" అని గేటు దగ్గర అడిగేవాళ్ళు. ఒకసారి పెళ్ళిపిలుపు మీద కూడా అదే రాసి ఇచ్చారు. మా ఆయన ఆ శుభలేఖను చాలాకాలం అద్దానికి అంటించి ఉంచాడు.

ఇప్పుడు ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చిందో రాయను. అవి కొంచెం ముందూ వెనకా అందరికీ వస్తాయి. నేను చేసిన తప్పులు మాత్రం మీకు రాకూడదు. ఒక మాట ముందే చెబుతాను. ఇది చదివి ఎవరూ పుట్టగొడుగులు ఏరడానికి వెళ్ళొద్దు. కాగితం మీద చదివి నేర్చుకునే పని కాదది.

తెల్లగా వచ్చిన కొత్త జాతి

మొదటి తప్పు నవ్వుకునేది. దానితో మొదలుపెడతాను.

పిడుగురాళ్ల నుంచి ఒక సున్నపు బట్టీ గుమాస్తా బస్సులో ఒక పుట్టగొడుగు తెచ్చాడు. సుద్దముక్కలా తెల్లగా ఉంది. కాడా తెలుపే, గొడుగూ తెలుపే. ఆకారం చూస్తే మామూలుగా పశువుల కొట్టాల దగ్గర మొలిచే గోధుమరంగు గొడుగులా ఉంది గానీ, అంత తెలుపు నేనెప్పుడూ చూడలేదు. ఉన్న పుస్తకాలన్నీ తిరగేశాను. ఎందులోనూ లేదు. కొత్త జాతి! దీనికి మా నాన్నగారి పేరు పెట్టాలా, ఊరి పేరు పెట్టాలా అని ఆలోచిస్తూ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నాలుగు పేజీల వర్ణన రాసి, మా విభాగం పెద్ద సాంబశివరావు గారి బల్ల మీద పెట్టాను.

సాంబశివరావు గారు నిదానస్తులు. చెప్పులు వేసుకోవడానికి కూడా కుర్చీ వెతుక్కునే మనిషి. నా నాలుగు పేజీలూ ఓపిగ్గా చదివారు. తరవాత పుట్టగొడుగును చేతిలోకి తీసుకుని, బొటనవేలు మంచినీళ్ల గ్లాసులో ముంచి గొడుగు మీద ఒక్కసారి రుద్దారు. వేలు తగిలినచోట గోధుమరంగు బయటపడింది. ఇంకోచోట రుద్దారు. అక్కడా అంతే.

"అమ్మాయ్, అది పిడుగురాళ్ల," అన్నారు. "అక్కడ కాకులు కూడా తెల్లగానే ఉంటాయి."

సున్నం దుమ్ము! రెండు రోజులుగా నేను వర్ణించింది బట్టీ దుమ్మునన్నమాట. ఆ నాలుగు పేజీలూ చించేయబోతే ఆయన వద్దన్నారు. "ఉంచు. వర్ణన బాగుంది. దేన్ని వర్ణించావన్నదే తేడా," అన్నారు.

దీన్నిబట్టి నాకు తెలిసింది ఒకటే. మీ బల్ల మీదికి వచ్చిన నమూనా ఎక్కడి నుంచి వచ్చిందో, దారిలో దానికి ఏమేం జరిగిందో అడగకుండా దాన్ని చూడటం మొదలుపెట్టొద్దు. అప్పట్లో ఇది నాకు తెలిసిందనే అనుకున్నాను. నిజానికి పూర్తిగా తెలియలేదు.

దీనమ్మ

మా కేంద్రం పొలాల్లో కలుపు తీయడానికి వచ్చే ఆడవాళ్ల ముఠాకు దీనమ్మ మేస్త్రి. యాభై దాటిన మనిషి. సన్నగా, నల్లగా, గొంతు మాత్రం రెండు చేల అవతలికి వినపడేది. ఆదివారం చర్చి మానేది కాదు. మిగతా ఆరు రోజులూ పత్తి చేలల్లో, మిరప తోటల్లో ఆమె ముఠా ఉండేది. వానాకాలం వస్తే మధ్యాహ్నం అన్నాల వేళ గట్ల వెంట తిరిగి పుట్టగొడుగులు ఏరి కొంగులో పోసుకొచ్చేది.

మొదటిసారి ఆమె కొంగులో ఉన్నవి చూసి నేను ఉత్సాహంగా వాటి లాటిన్ పేర్లు చెప్పడం మొదలుపెట్టాను. ఆమె కాసేపు మర్యాదగా విన్నది.

"ఆ పేరు పెట్టి పిలిస్తే పలుకుద్దా అమ్మా?" అంది.

ముఠా అంతా నవ్వింది. నేనూ నవ్వాను. లోపల మాత్రం కొంచెం చురుక్కుమంది. నేను చదువుకున్నదాన్ని, నాకు వందల పేర్లు తెలుసు, ఈమెకేం తెలుసని అనుకున్నాను. ఆమెకు తినేవి నాలుగే రకాలు తెలుసు. ఆ నాలుగూ కానివన్నీ ఆమె లెక్కలో కుక్కగొడుగులే. ఏమీ తెలియనివాళ్ళు అలా వర్గీకరిస్తారని నా అభిప్రాయం. ఆ అభిప్రాయం ఎంత పొరపాటో మూడో ఏడు వానాకాలంలో తెలిసింది.

డబ్బాలో రెండు గొడుగులు

అది శనివారం. మూడు రోజుల ముసురు పట్టి వదిలింది. ప్రకాశం జిల్లాలో పత్తికి పచ్చపురుగు విపరీతంగా పట్టిందని, మా కేంద్రం నుంచి నలుగురం జీపులో బయల్దేరుతున్నాం. డ్రైవరు ఇంజన్ స్టార్ట్ చేశాడు. అప్పుడే దగ్గర ఊళ్ళో స్కూలు మాస్టారు ప్రసాదరావు గారు స్కూటర్ మీద వచ్చారు.

"మేడమ్ గారూ, ఒక్క నిమిషం," అంటూ స్టీలు డబ్బా తెరిచారు.

లోపల రెండు గొడుగులు. ఒక్కొక్కటి అరచేయంత ఉంది. తెల్లగా, నడిమధ్యన గోధుమరంగు పొలుసులతో ఉన్నాయి. తిరగేసి చూశాను. కింద రేకులు తెల్లగా ఉన్నాయి. కాడలు లేవు.

"కాడలేవండీ?"

"పీచుగా ఉంటాయని మా అమ్మ కోసేసిందండీ. రేపు ఆదివారం గదా, పొద్దున్నే కూర వండుదామని. ఇట్టాంటివే ఇంకో అయిదున్నాయి ఇంట్లో. మా చేలోవే."

"పుట్ట మీద మొలిచే అసలు పుట్టగొడుగులే మాస్టారూ."

"తినొచ్చంటారా?"

"తినొచ్చు."

జీపు ఎక్కాను. ఇంత చిన్న మాట అది. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. నమూనాల రిజిస్టర్లో రాయలేదు. ఎక్కడ మొలిచాయో అడగలేదు. పుట్టగొడుగును పుట్టగొడుగని చెప్పడానికి పుట్ట ఉందా లేదా అని అడగాలి కదా. అదీ అడగలేదు.

మర్నాడు పదకొండింటికి వాచ్‌మన్ పరిగెత్తుకుంటూ మా క్వార్టర్‌కు వచ్చాడు. "మేడమ్ గారూ, ప్రసాదరావు మాస్టారింట్లో అందరికీ వాంతులంట. సత్తెనపల్లి ఆసుపత్రికి తీసకపోయారు."

ఆ ఇరవై నిమిషాల జీపు ప్రయాణం గురించి నేను ఎక్కువ రాయలేను. నా పిల్లలిద్దరి ముఖాలూ కళ్ళముందు కదిలాయి. మాస్టారికీ ఇద్దరు పిల్లలే.

ఆసుపత్రిలో అయిదు మంచాలు వరసగా వేసి ఉన్నాయి. మాస్టారు, ఆయన భార్య, ఇద్దరు పిల్లలు, మాస్టారి తల్లి. అందరికీ సెలైన్ ఎక్కుతోంది. చిన్నపిల్ల ఏడుపు కూడా రాక మూలుగుతోంది. మాస్టారు నన్ను చూసి లేవబోయారు.

"మేడమ్ గారూ, మీరు తినొచ్చన్నారు గదండీ," అన్నారు.

కోపంగా అనలేదు. తను సరిగ్గా విన్నారో లేదో అని అడిగినట్టు అన్నారు. తిట్టినా బాగుండేది.

డ్యూటీ డాక్టరు నన్ను పక్కకు పిలిచారు. "చూసి చెప్పింది మీరేనా?"

"నేనేనండీ."

"ఏ రకం అది?"

నాకు తెలియదని చెప్పాను. ఆ గొడుగుల గురించి నేను చెప్పిన మొదటి నిజం అది.

ఆయన కేకలు వేయలేదు. నాకు అర్థమయ్యేట్టు చెప్పారు. "తొమ్మిదింటికి తిన్నారు. పదింటికి వాంతులు మొదలయ్యాయి. ఇంత తొందరగా మొదలైతే మామూలుగా కడుపుతోనే పోతుంది. మెల్లిగా రేపటికి బయటపడే రకాలుంటాయి చూడండి, అవి కాలేయాన్ని పట్టుకుంటాయి. నా భయం ఏమిటంటే, వీళ్ళు రెండు రకాలూ కలిపి తిన్నారేమో! అలా అయితే ఇప్పుడే గుంటూరు పంపించాలి. చిన్నపిల్ల ఈ స్థితిలో అంతదూరం ప్రయాణం చేయడం కూడా నాకు ఇష్టం లేదు. ఒకటే రకమో, రెండో, మీరు తేల్చగలరా?"

మాస్టారి తల్లి కళ్ళు మూసుకునే చెప్పింది. "మా పత్తి చేలోవేనమ్మా. మొన్న దీనమ్మ ముఠా కలుపు తీసింది చూడు, ఆ చేను."

పది అడుగుల దూరం

దీనమ్మ చర్చిలో ఉంది. ఆరాధన ఇంకా అయిపోలేదు. నేను వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను. లోపలికి వెళ్ళి పిలవాలా, బయట ఆగాలా తెలియలేదు. ఆడవాళ్ల వైపు మూడో వరసలోంచి ఆమె నన్ను చూసింది. నా ముఖం చూసి ఏమనుకుందో, చేతిలో బైబిలు పక్కామెకిచ్చి, తెల్లచీర కొంగు సర్దుకుంటూ బయటికి వచ్చింది.

విషయం చెప్పాను. తప్పు నాదేనని కూడా చెప్పాను.

"పదండమ్మా. యాడ కోశారో నాకు తెలుసు," అని జీపెక్కింది.

నల్లరేగడి చేను. వానకు కాళ్ళు మోకాలి దాకా దిగబడుతున్నాయి. చేను గట్టు మీద ఒక పాత చెదపుట్ట ఉంది. దాని చుట్టూ తెల్లటి గొడుగులు. అక్కడికి పది అడుగుల దూరంలో, ఎప్పుడో పశువులను కట్టేసిన చోట పాత పేడకుప్ప మీద గడ్డి మొలిచింది. ఆ గడ్డిలోనూ తెల్లటి గొడుగులు. నిలబడి చూస్తే రెండూ ఒకటే. అదే తెలుపు, నడిమధ్యన అదే గోధుమరంగు. నాకు వందల పేర్లు తెలుసు. అయినా ఆ నిమిషాన నేను వాటిని విడదీయలేకపోయాను.

దీనమ్మ పుట్ట దగ్గర కూర్చుని ఒక పుల్లతో కాడ చుట్టూ మెల్లగా తవ్వింది. కాడ కిందికి పోయేకొద్దీ సన్నబడుతూ, వేరులాగా పుట్టలోకి దిగిపోయింది. చెయ్యి మోచేయి దాకా మట్టిలో పెట్టి దాన్ని తెగకుండా పైకి తీసింది.

"ఇది పుట్టది. పుట్ట లోపల్నించి వస్తది. ఈ వేరు కనపడందే నేను కొంగులో ఎయ్యను."

తరవాత పేడకుప్ప దగ్గరికి వెళ్ళి ఒక గొడుగును పట్టుకుంది. అది ఇట్టే ఊడి వచ్చింది. కింద వేరు లేదు, ఉల్లిగడ్డలా చిన్న ఉబ్బు ఉంది. కాడ మీద ఒక ఉంగరం. ఆమె దాన్ని వేలితో పైకీ కిందికీ జరిపి చూపించింది.

"గాజు తొడుక్కుంది చూడండి. మేం దీన్ని గాజులదంటాం. ఒకసారి మా చెల్లెలు తిని మూడు రోజులు మంచం దిగలా."

"కింద రేకులు తెల్లగానే ఉన్నాయి కదా దీనమ్మా? నేను అదే చూశాను."

"పిల్లదానికి తెల్లగానే ఉంటయ్. ముసల్దాన్ని చూడండి."

పక్కనే బాగా విచ్చుకున్న పెద్ద గొడుగు ఒకటుంది. దాన్ని తిరగేసింది. రేకులు ఆకుపచ్చ పాచి రంగులో ఉన్నాయి. దాని కింద గడ్డి మీద కూడా పాచి రంగు పొడి సన్నగా రాలి ఉంది. ముదిరాక ఆకుపచ్చ పొడి రాల్చేది విషపుదన్న వాక్యం పుస్తకంలో నేను పదిసార్లు చదివాను. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ పొడిని గడ్డి మీద చూడటం అదే మొదలు.

అయినా డాక్టరు ప్రశ్న అలాగే ఉంది. గాజులది తిన్నారు, సరే. దానితో ఇంకోటి కలిసిందా?

దానికి దారి దీనమ్మకే తట్టింది. "ముసలమ్మ కాడలు కోసేసిందన్నారుగా? అయ్యి యాడేసిందో చూద్దాం."

మాస్టారి ఇంటి పెరట్లో చెత్త తట్ట ఉంది. దీనమ్మ తన తెల్లచీర సంగతి మర్చిపోయి, ఉల్లిపొట్టూ బూడిదా తప్పించి ఒక్కొక్క కాడ ఏరింది. బట్టలుతికే బండ మీద వరసగా పేర్చింది. ఏడు కాడలు. డబ్బాలో నేను చూసిన రెండూ, మాస్టారు చెప్పిన అయిదూ కలిపి ఏడు. ఏడింటికీ ఉంగరాలు, ఏడింటికీ ఉబ్బులు. వేరున్నది ఒక్కటీ లేదు. కాలేయాన్ని పట్టుకునే రకాలకు కాడ కింద ఉండే సంచిలాంటిది ఉన్నదీ లేదు. నేను కూడా ఒక్కొక్కటి తీసి రెండుసార్లు చూశాను.

"అన్నీ గాజులయ్యేనమ్మా. ఇంకోటి కలవలా," అంది దీనమ్మ.

ఆ కాడలు, పేడకుప్ప మీది గొడుగులు రెండు ఒక పళ్ళెంలో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరు బల్ల మీద తెల్లకాగితం పరిచి ముదిరిన గొడుగును దాని మీద బోర్లించి, పైన గిన్నెతో మూశాను. సాయంత్రం అయిదింటికి గిన్నె తీసి చూస్తే కాగితం మీద చక్రంలా పాచి రంగు ముద్ర పడింది. డాక్టరు దాన్ని కిటికీ దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశారు. "సరే, ఇక్కడే ఉంచుతాను," అన్నారు.

మంగళవారానికి అందరూ ఇల్లు చేరారు. ముసలమ్మ ఒక్కతే ఇంకో రోజు నీరసంగా ఉంది.

బుధవారం నేను వాళ్ళింటికి వెళ్ళాను. వరండాలో నిలబడి, తప్పు నాదని, క్షమించమని అడిగాను. రెండు వాక్యాలు చెప్పి కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. మాస్టారు తలొంచుకున్నారు. ఆయన భార్య గుమ్మం దగ్గర ఆగిపోయింది. అప్పుడు ముసలమ్మ మంచంలోంచి అంది:

"నీ ఒక్కదాని తప్పేముందిలే. కాడలు కోసింది నేను గదా. అయినా అమ్మాయ్, కూర మాత్రం భలే కుదిరిందే!"

ముందు మాస్టారు నవ్వారు. తరవాత ఆయన భార్య. నేను ఏడుస్తూనే నవ్వాను. ఆ రోజు ఆ ఇంట్లో కాఫీ తాగి వచ్చాను.

రిజిస్టర్లో సంతకం

సాంబశివరావు గారికి సోమవారమే అంతా చెప్పాను. ఉద్యోగం పోతుందేమోనని భయపడుతూ చెప్పాను. ఆయన ముందుగా అడిగింది "పిల్లలెలా ఉన్నారు?" అని. తరవాత నమూనాల రిజిస్టర్ తెప్పించారు.

"శనివారం నమూనా రాయలేదు కదూ. ఇప్పుడు రాయి."

"ఏమని రాయను సార్?"

"జరిగింది జరిగినట్టు రాయి."

రాశాను. కాడలు లేకుండా రెండు గొడుగులు వచ్చాయనీ, ఎక్కడివో అడగలేదనీ, తినవచ్చని చెప్పాననీ, అది తప్పనీ రాశాను. ఆయన చదివి, కింద నా సంతకం పక్కన తనూ సంతకం పెట్టారు.

"మీరెందుకు సార్?"

"విభాగం నాది కదమ్మా," అన్నారు.

పిల్లలూ, మీ మంచి పరిశోధన కింద సంతకం పెట్టే పై అధికారులు మీకు చాలామంది దొరుకుతారు. మీ తప్పు కింద సంతకం పెట్టే మనిషి దొరికితే ఆయన దగ్గర ఎన్నాళ్ళు పనిచేయగలిగితే అన్నాళ్ళు చేయండి. బదిలీ వచ్చినా ఆపించుకోండి.

దీనమ్మ రాయని పరీక్ష

మరుసటి ఏడు పై ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చారు. విషపు పుట్టగొడుగుల మీద రైతులకు కరపత్రం వేయాలన్నారు. మంచి ఆలోచనే. కానీ ఆయన రాసుకొచ్చిన కాగితంలో ఇలా ఉంది: విషపువి రంగురంగులుగా ఉంటాయి. పురుగు తిన్నవి మంచివి. వెల్లుల్లితో ఉడికిస్తే విషపువి నల్లబడతాయి.

"ఇందులో ఒక్కటీ నిజం కాదండీ," అన్నాను. "మాస్టారింట్లో తిన్నవి తెల్లగానే ఉన్నాయి. వెల్లుల్లి వేసే వండారు."

"రైతుకు ఒక్క ముక్కలో చెప్పాలండీ. లేకపోతే ఎవరు చదువుతారు?"

నాకు ఒక ఉపాయం తోచింది. అప్పుడే మండల వ్యవసాయ అధికారులకు శిక్షణ తరగతులు పెట్టాం. ఒక రోజు పాఠం దీనమ్మతో చెప్పిద్దామన్నాను. సాంబశివరావు గారు సరేనన్నారు. నేను ఉదయాన్నే ఊరంతా తిరిగి పన్నెండు రకాలు కోసుకొచ్చి పెద్ద పళ్ళెంలో పేర్చాను. దీనమ్మ వాటిని మంచివీ చెడ్డవీ విడదీస్తుంది, అందరూ చూసి ముక్కున వేలేసుకుంటారని నా ఆశ.

దీనమ్మ ముఠాలో ఇద్దరిని తోడు తెచ్చుకుని వచ్చింది. కుర్చీలో కూర్చోమంటే అంచున కూర్చుంది. పళ్ళెం ఆమె ముందు పెట్టాను. ఒకసారి చూసి పళ్ళేన్ని నా వైపు తోసేసింది.

"తెంపుకొచ్చినవాటికి నేను పేరు చెప్పనమ్మా."

అధికారి నవ్వి, "తెలియకపోతే తెలియదని చెప్పొచ్చు, పర్వాలేదు," అన్నారు.

దీనమ్మ ఆయన వైపు తిరిగింది. గొంతు మామూలు స్థాయికి, అంటే రెండు చేల స్థాయికి, వచ్చేసింది. "అయ్యా, మీరు పెళ్ళి సంబంధం చూడ్డానికి పోతే పిల్లని ఒక్కదాన్నే చూసొత్తారా? ఇల్లూ వాకిలీ, అమ్మా అయ్యా ఎవరో అడగరా? ఇది యాడ మొలిచిందో, పుట్ట మీదా, పేడ మీదా, చెట్టు మొదట్లోనా, మట్టిలోపల ఏముందో చూడకుండా ఎట్టా చెప్పమంటారు? నన్ను అక్కడికి తీసకపొండి, చెప్తా."

సాంబశివరావు గారు నిదానంగా లేచి, చెప్పులు వేసుకోవడానికి కుర్చీ వెతుక్కున్నారు. "పదండి, పొలంలోకి పోదాం," అన్నారు. ఆ పాఠం మూడు గంటలు గట్ల మీదే జరిగింది. పై ఆఫీసు అధికారి బూట్లు నల్లమట్టిలో ఇరుక్కుంటే దీనమ్మే చెయ్యిచ్చి లాగింది. కరపత్రం వచ్చింది. వెల్లుల్లి లేదు. "తెలియనిది తినవద్దు" అన్న ఒక్క ముక్కే పెద్ద అక్షరాలతో పడింది. ఆ అధికారి మొండివాడేమీ కాదు. బురదలో దిగాక మారిన మనిషి. అలాంటివాళ్ళను తొందరపడి తీసిపారేయకండి.

పన్నెండు రకాల పళ్ళెం పెట్టి ఆమెను పరీక్షించబోయింది మాత్రం నేను. అంత జరిగాక కూడా నేను మళ్ళీ తెంపినవాటినే బల్ల మీద పెట్టాను. చదువు అంత త్వరగా వదలదు.

ఒక కూర

ఆ తరవాత ఎనిమిదేళ్లు దీనమ్మా నేనూ ప్రతి వానాకాలం కలిసి తిరిగాం. ఆమె వేరు తవ్వడం నేర్పింది. నేను కాగితం మీద పొడి ముద్ర తీయడం నేర్పాను. ఆ ముద్రలంటే ఆమెకు సరదా. వాళ్ళింట్లో గోడకు నాలుగు అంటించుకుంది. ఎప్పుడు కలిసినా "మా ఇంటికి రండమ్మా, కూర వండుతా," అనేది. నేను ఏదో ఒక పని చెప్పి తప్పించుకునేదాన్ని. ఒకటి రెండుసార్లు గిన్నెలో పెట్టి ఆఫీసుకే తెచ్చింది. తరవాత తింటానని పక్కన పెట్టి, వాచ్‌మన్‌కు ఇచ్చేశాను.

నాకు బదిలీ వచ్చిందని తెలిసి ఆమె ఆఫీసుకు వచ్చింది. అప్పటికి జుట్టు పూర్తిగా నెరిసింది. కుర్చీలో కూర్చోలేదు. నిలబడే అంది:

"పోతన్నారంటగా. ఒక్కటడగనా అమ్మా? ఎనిమిదేళ్లుగా చూస్తన్నా. చేలో నా పక్కనే కూకుంటారు, నా చేతి మంచినీళ్ళు తాగుతారు. కూర మాత్రం ముట్టరు. మా పేట కూర మీకు పడదా?"

ఇన్నేళ్లూ ఆమె అలా అనుకుందా! అనుకోదా మరి? మాది రైతుల కుటుంబం. మా వాళ్ళు ఆ పేటలో మంచినీళ్ళు కూడా తాగరని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. నేను తినకపోతే ఆమె ఇంకేమనుకుంటుంది?

"భయం దీనమ్మా," అన్నాను. "మాస్టారి పిల్లల్ని ఆ మంచాల మీద చూసిన రోజు నుంచి నేను పుట్టగొడుగు నోట్లో పెట్టుకోలేదు. మా అమ్మ వండినా తినలేదు. అందరికీ తినొచ్చో లేదో చెప్పేదాన్ని, నాకు భయమంటే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు."

ఆమె గది అదిరేట్టు నవ్వింది.

"ఈ ముక్క ఎనిమిదేళ్ల కింద చెప్పొచ్చుగా తల్లీ! నేనేందేందో అనుకుని ఎన్నిసార్లు ఏడ్చానో!"

కొత్తగా వచ్చే పిల్లలకు ఈ కాగితంలో నేను చెప్పగలిగిన అన్నిటికంటే పెద్ద మాట ఇదే. మీ భయం సంగతి మీతో పనిచేసేవాళ్ళకు చెప్పండి. చెప్పకపోతే వాళ్ళు దానికి ఇంకో పేరు పెట్టుకుంటారు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం చేలోకి వెళ్ళాం. "ఇయ్యాళ నేను చెయ్యి పెట్టను. మీరే ఏరండి," అని దీనమ్మ గట్టు మీద కూర్చుంది. పుట్ట చుట్టూ పుల్లతో తవ్వాను. వేరు తెగకుండా తీయడానికి నాకు చాలాసేపు పట్టింది. ఒక్కొక్కటి తిప్పి, కాడ చూసి, రేకులు చూసి, కొంగులో వేసుకున్నాను. ఒకదాని దగ్గర ఆగిపోయాను. ఉంగరం లేదు. వేరు ఉందో, తవ్వేటప్పుడు తెగిందో అర్థం కాలేదు.

"ఇదేంటి దీనమ్మా?"

ఆమె లేచి వచ్చి, వంగి, చాలాసేపు చూసింది. వాసన చూసింది.

"ఏమోనమ్మా. నాకూ తెలవదు."

దాన్ని అక్కడే వదిలేసి వచ్చాం.

వాళ్ళింట్లో ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు వేసి ఆమె కూర వండింది. వేడన్నం రెండు పళ్ళేల్లో పెట్టింది. నేను ముద్ద ఎత్తకుండా కూర కలుపుతూనే ఉండటం ఆమె చూసింది. నా చేత్తో నేను ఏరినవాటి కూరను తన పళ్ళెంలో ఎక్కువగా వేసుకుని, పెద్ద ముద్ద కలిపి, ముందు తను తిన్నది. నెమ్మదిగా నమిలి మింగింది.

నేనూ తిన్నాను. మెత్తగా, కొంచెం మట్టి వాసనతో, మిరపకాయ ఘాటుతో ఉంది. రెండోసారి అన్నం నేనే అడిగి పెట్టించుకున్నాను.